పడవలో సందులు: తెప్ప, కుట్టుపడవ, మేకుల ఓడ

(మన తీరపు చెక్క పడవల మీద చేసిన ప్రసంగం ఇది. ఆ రోజు రాలేకపోయినవారి కోసం రికార్డింగ్ విని రాశాం. తడబాట్లు తీసేశాం, మాట తీరు అలాగే ఉంచాం.)

అందరికీ నమస్కారం. వెనక వరసలో ఉన్నవాళ్లకి వినబడుతోందాండీ? వినబడుతోంది కదా, సరే.

ఈ బల్ల మీద నాలుగు వస్తువులు పెట్టాను. రెండు మామిడి పలక ముక్కలు, అవి రెండూ కలిపి ఒక వస్తువు అనుకోండి. ఒక కొబ్బరి పీచుతాడు. గుప్పెడు పత్తి. ఒక తుప్పు పట్టిన ఇనప మేకు. ఇవాళ చెప్పేదంతా ఈ నాలుగింటి చుట్టూనే తిరుగుతుంది.

ముందు మిమ్మల్ని ఒక ప్రశ్న అడుగుతాను. చెక్క పడవలోకి నీళ్లు ఎక్కడినుంచి వస్తాయి? చెక్కలోంచా? మంచి చేవకర్రతో కోసిన పలక నీళ్లని లోపలికి రానివ్వదు. ఏళ్ల తరబడి రానివ్వదు. మరి ఎక్కడినుంచి? రెండు పలకలు కలిసేచోటు ఉంటుంది చూడండి, అక్కడినుంచి. సందులోంచి. పడవ కట్టే వడ్రంగికి పని అంటే చెక్క చెక్కడమే అనుకుంటాం. చెక్కడం సులువండి. అతను జన్మంతా పోరాడేది సందుతోనే. అందుకని ఏ దేశపు పడవ మీ కంటపడ్డా, ఎంత పాతదైనా, దాన్ని ఒకటే అడగండి. నీ సందుని ఏం చేశావమ్మా అని. అది చెప్పే జవాబులోనే దాన్ని కట్టినవాళ్ల సముద్రం, వాళ్ల అడవి, వాళ్ల డబ్బు అన్నీ ఉంటాయి.

మన తీరం ఈ ప్రశ్నకి మూడు జవాబులు చెప్పింది. తెప్ప సందుని అలాగే వదిలేసింది. కుట్టుపడవ సందుని కుట్టేసింది. మేకుల ఓడ బిగించి, పత్తి దట్టించింది. ఒకదాని తరవాత ఒకటి పుట్టి, పాతది పోయి కొత్తది వచ్చిందనుకోకండి. మూడూ వందల ఏళ్లు పక్కపక్కనే ఉన్నాయి, ఒకే ఊళ్లో, ఒకే ఇసక మీద. ఎందుకలా? అది తెలియాలంటే ముందు తీరాన్ని చూడాలి.

ఇచ్ఛాపురం నుంచి తడ దాకా మన ఒడ్డు నడిచి చూడండి. పడవ దాక్కోడానికి చోటు ఎక్కడుంది? కాకినాడకి ఎదురుగా హోప్ ఐలాండ్ అనే ఇసక దిబ్బ ఉంది, అది కాస్త అల తగ్గిస్తుంది. విశాఖలో డాల్ఫిన్స్ నోస్ కొండ ఉంది, అయినా లోపల రేవు తవ్వి ఓడలు తెచ్చుకోడానికి 1933 దాకా పట్టింది. గోదావరి, కృష్ణ పాయల నోళ్లు ఉన్నాయిగానీ, అక్కడ మేట ఏటేటా జరుగుతూనే ఉంటుంది. ఇవి పోగా మిగిలిందంతా బారుగా ఇసక, దాని మీద విరిగే కెరటాలు. పెద్ద ఓడ వస్తే దూరంగా లంగరు వేసుకుని నిలబడాల్సిందే. దానికీ ఒడ్డుకీ మధ్య ఉన్న ఆ విరిగే నీటిని ఎవరో ఒకరు దాటాలి. మన పడవల చరిత్రలో సగం ఆ రెండు మూడు వందల గజాల చరిత్రే.

ఇలాంటి తీరంలో ఓడ ఒడ్డుకి కొట్టుకురావడం కొత్తేమీ కాదు. మోటుపల్లిలో కాకతీయ గణపతిదేవుడి అభయశాసనం ఉంది, 1244 నాటిది. అందులో ఏముందో తెలుసా? గాలివానకి దెబ్బతిని ఒడ్డున పడ్డ ఓడల్లో సరుకుని అంతకుముందు రాజులు లాగేసుకునేవారట, మేము సుంకం తప్ప ఏమీ తీసుకోము, ప్రాణం కన్నా ధనమే ప్రియమనుకుని సముద్రం మీద అంత సాహసం చేసేవాళ్ల మీద దయతో ఈ అభయం ఇస్తున్నాము అన్నాడు. శాసనం ఎవరు రాయించారన్నది అందరికీ తెలుసు. నేను చూడమనేది ఇంకోటి. ఒడ్డున పడ్డ ఓడల కోసం రాజు ఒక శాసనమే వేయించాడంటే, ఎన్ని ఓడలు అలా పడుతుండాలి?

ఇక తెప్ప దగ్గరికి వద్దాం.

తెప్ప అంటే దుంగలు పక్కపక్కన పెట్టి కట్టినది. అంతే కదా అనిపిస్తుంది. దాని పేరు ప్రపంచమంతా తిరిగింది. తమిళంలో కట్టుమరం, అంటే కట్టిన మాను. ఇంగ్లీషువాళ్ల నోట్లో అది కాటమరాన్ అయింది. పదిహేడో శతాబ్దం చివర్లో విలియం డాంపియర్ అనే నావికుడు ఈ తీరపు కట్టుమరాన్ని వర్ణిస్తూ రాశాడు. ఇప్పుడు రెండు ఒంట్ల రేసు పడవలకి ఆ పేరు పెట్టారుగానీ, వాటి వంశం పసిఫిక్ దీవులది, మన తెప్పది కాదు. పేరు మాత్రం మనవైపుది. అంతకన్నా చాలా ముందు, ఒకటో శతాబ్దపు గ్రీకు నావికుల పుస్తకం పెరిప్లస్‌లో ఈ తూర్పు తీరం రేవుల దగ్గర దుంగలు జతచేసి కట్టిన పెద్ద పడవల్ని సంగర అంటారని ఉంది.

తెప్పలో సందులు ఎన్ని? దుంగకీ దుంగకీ మధ్య బారుగా సందే. నీళ్లు కింద నుంచి వస్తాయి, మీద నుంచి వస్తాయి, వచ్చిన దారినే పోతాయి. తోడాల్సిన పని లేదు. మునగడమన్న మాటే లేదు, ఎందుకంటే నింపడానికి లోపలంటూ ఏమీ లేదు. కెరటం మీద పడితే మనుషులు జారిపోతారు, తిరిగి ఎక్కుతారు. తెప్ప అక్కడే ఉంటుంది.

అయితే తెప్ప తేలడం పడవ తేలడం లాంటిది కాదు. పడవ తేలేది లోపలున్న ఖాళీ వల్ల. తెప్ప తేలేది కర్ర తేలికదనం వల్ల. ఇది చిన్న తేడా అనుకోకండి, తెప్ప బతుకంతా దీని మీదే ఉంది. ఒక లెక్క చెప్తాను. సముద్రపు నీరు ఘనమీటరు 1025 కిలోలు. బాగా ఎండిన తేలిక కర్ర ఘనమీటరు 400 కిలోలు ఉందనుకోండి. అంటే ఆ ఘనమీటరు కర్ర తన బరువు పోను 625 కిలోలు మోస్తుంది. అదే కర్ర నీళ్లు తాగి 700 కిలోలకి వచ్చిందనుకోండి. ఇప్పుడెంత మోస్తుంది? 325. సగం పోయింది. పైకి చూస్తే దుంగ అదే దుంగ, కొలత అదే కొలత, మోసే బలం మాత్రం సగం. అందుకే తెప్పని వేట నుంచి రాగానే ఇసక మీదికి లాగి, కట్లు విప్పి, దుంగలు విడదీసి ఆరబెట్టేవారు. ఇద్దరు మనుషులు ఒక దుంగ చొప్పున మోసుకుపోయేవారు. ఏరు దాటి తెప్ప తగలేసినట్టు అని మనకో సామెత ఉంది కదా. సముద్రపు ఒడ్డున తెప్ప తగలెయ్యరు, విప్పుతారు. విప్పడం కోసమే కట్టారు దాన్ని.

ఉత్తరాంధ్రలో ఒక రకం తెప్ప ఉండేది. దుంగల్ని కొయ్య చీలలతో బిగించి, నిలువునా రెండు సగాలుగా చేసేవారు. ఎడమ సగం, కుడి సగం. నీళ్లలోకి దిగే ముందు రెండింటినీ తాడుతో కట్టేవారు. ఎన్ని ముక్కలు విడదీయాలి, ఎన్ని కలిపే ఉంచాలి అనే దానికి వాళ్లు తేల్చుకున్న లెక్క అది. మరీ ఎక్కువ ముక్కలైతే రోజూ కట్టడానికి పొద్దు పోతుంది. ఒకే ముక్కయితే ఇసక మీద కదలదు.

తెప్పలో పాడయ్యేది ఏమిటి? తాడు. దుంగ ఇసక మీద ఈడ్చినప్పుడు కింద పడ్డ తాడు అరిగిపోతుంది, అందుకని తాడు పోయే చోట కర్రలో గాడి తీసి, తాడు పైకి తేలకుండా చూడాలి. రెండోది దుంగ కొసల్లో పగుళ్లు. కర్ర కొసల నుంచి నీరు తొందరగా లాగుతుంది, తొందరగా ఆరిపోతుంది, అందుకే కొసలే ముందు బీటలు వేస్తాయి. ఆరబెట్టేవారన్నాను కదా అని నడి ఎండలో పడెయ్యకూడదు. గాలి ఆడాలి, ఎండ నేరుగా తగలకూడదు. తాటాకు కప్పి ఉంచేది అందుకే.

ఇంకో సంగతి. ఓడపురుగు. ఇక్కడ ఎంతమంది చూశారు? దాన్ని పురుగు అంటాంగానీ పురుగు కాదు, ఆల్చిప్ప జాతిది. దాని చిప్పలు తల దగ్గర చిన్నగా మిగిలిపోయి, కర్ర తొలిచే పనిముట్టుగా మారాయి. పిల్లగా ఉన్నప్పుడు సూదిమొనంత కన్నంతో లోపలికి దూరుతుంది. ఇక బయటికి రాదు. లోపల పెరుగుతూ కర్రనే తింటూ, తన సొరంగానికి సున్నపు పూత వేసుకుంటూ పోతుంది. బయట నుంచి చూస్తే పలక నిగనిగలాడుతూ ఉంటుంది. బొటనవేలితో నొక్కితే లోపలికి దిగిపోతుంది. దీనికి ఉప్పునీరు కావాలి, తడి కావాలి. రోజూ ఒడ్డెక్కి ఆరే తెప్పలో అది పెరగలేదు. మంచినీళ్లలో చాలాకాలం ఉంచితే చచ్చిపోతుంది. నది నోటి దగ్గర ఉండే పడవల్ని పైకి, తీపినీటిలోకి తెచ్చి కొన్ని వారాలు ఉంచడంలో ఉన్న తెలివి అదే.

సరే. తెప్ప మనుషుల్ని మోస్తుంది, వలని మోస్తుంది. బియ్యపు బస్తాలు మోస్తుందా? బట్టల మూటలు మోస్తుందా? తడిసిపోతాయి. సరుకు మొయ్యాలంటే లోపల అనేది ఒకటి ఉండాలి. లోపల కావాలంటే సందు మూయాలి. ఇక్కడ వచ్చింది రెండో జవాబు, కుట్టుపడవ.

ఇంగ్లీషువాళ్లు దీన్ని మసులా బోటు అన్నారు. మచిలీపట్నం నుంచి మద్రాసు దాకా, పైన ఒడిశా దాకా ఉండేది. మనవాళ్లు ఉత్తినే పడవ అనేవారు. మద్రాసులో రేవు గోడలు కట్టడం మొదలుపెట్టింది 1870ల్లో. అవి పూర్తి కావస్తుండగా 1881 తుఫాను వాటిని పడగొట్టింది. అంతవరకూ మద్రాసులో దిగిన ప్రతి దొరా, ప్రతి దొరసానీ, ప్రతి పెట్టే, ప్రతి గుర్రం ఈ కుట్టుపడవల్లోనే ఒడ్డుకి వచ్చాయి. పెద్ద సామ్రాజ్యం, మేకు లేని పడవ. ఎందుకని? వాళ్ల ఓడల మీద మంచి ఓక్ పడవలు ఉన్నాయి కదా, వాటిలో రావచ్చు కదా?

రాలేరు. ఎందుకో చూద్దాం. కెరటం విరిగి పడవని పైకెత్తి ఇసక మీద కుదేస్తుంది. మేకులతో బిగించిన గట్టి పడవ ఆ దెబ్బని ఎక్కడ తీసుకుంటుంది? వంగదు కాబట్టి మేకు దగ్గరే తీసుకుంటుంది. మేకు చుట్టూ కర్ర నలిగి కన్నం వెడల్పవుతుంది. పది దెబ్బలకి మేకు ఊగుతుంది, ఇరవై దెబ్బలకి పలక ఊడుతుంది. కుట్టుపడవకి లోపల పక్కటెముకలు లేవు. పలకలు పలుచన, అంగుళం అటూ ఇటూ. దెబ్బ తగిలితే అడుగు లోపలికి వంగుతుంది, పలకకీ పలకకీ మధ్య కుట్టు కాస్త సాగుతుంది, మళ్లీ తిరిగి వస్తుంది. బుట్ట లాగా. బుట్టని నేలకేసి కొట్టండి, కుండని నేలకేసి కొట్టండి. తేడా అదే.

ఇప్పుడు కుట్టు ఎలా వేస్తారో చూద్దాం. ముందువాళ్లు కాస్త పక్కకి జరిగితే వెనకవాళ్లకి కనిపిస్తుంది.

ఈ రెండు పలకల అంచులు ముందు ఒకదానికొకటి సరిగ్గా ఆనేలా చెక్కాలి. కుట్టు ఉంది కదా, సందు కాస్త ఉన్నా ఫరవాలేదు అనుకుంటే అంతే సంగతులు. కుట్టు సందుని పట్టి ఉంచుతుంది, పూడ్చదు. తరవాత అంచుకి కాస్త ఇవతల, వరసగా బర్మాతో కన్నాలు. కన్నానికీ కన్నానికీ రెండు మూడు అంగుళాల ఎడం. రెండు పలకల్లో కన్నాలు ఎదురెదురుగా రావాలి. కన్నం అంచుకి మరీ దగ్గరైతే తాడు లాగినప్పుడు కర్ర చీలిపోతుంది. మరీ దూరమైతే కుట్టు బిగువు అంచు దాకా చేరదు, సందు నోరు తెరుస్తుంది. కన్నాలన్నీ కర్ర నారలో ఒకే గీత మీద పడినా ప్రమాదమే, ఆ గీత వెంటే పలక చీలుతుంది. కాబట్టి అనుభవం ఉన్న వడ్రంగి ఒక కన్నం కాస్త పైకి, ఒకటి కాస్త కిందికి వేస్తాడు. చూసేవాడికి చెయ్యి తిన్నగా లేదనిపిస్తుంది.

సందు మీద లోపలివైపు పీచో గడ్డో తాడులా పేనిన దిండు పొడవునా పరుస్తారు. కుట్టు ఆ దిండు మీదుగా పోతుంది. ఒక మనిషి లోపల, ఒక మనిషి బయట. తాడు కన్నంలోంచి ఇవతలికి, దిండు మీదుగా అవతలి కన్నంలోకి. వెళ్లేటప్పుడు ఏటవాలుగా, వచ్చేటప్పుడు ఎదురు ఏటవాలుగా, మధ్యలో నిలువుగా. లోపల చూస్తే కత్తెర గుర్తులు వరసగా కనిపిస్తాయి. ప్రతి కుట్టుకీ తాడుని కర్రకి చుట్టి మీటలా వేసి లాగాలి, లాగుతూ దిండుని కొయ్యసుత్తితో కొట్టాలి, కొట్టగా వచ్చిన వదులు మళ్లీ లాగాలి. లాగిన బిగువు పోకుండా కన్నంలో తాత్కాలికంగా ఒక కొయ్యచీల గుచ్చి, తరవాతి కుట్టుకి వెళ్లాలి. చివర్లో ప్రతి కన్నాన్నీ పీచుతో, గుగ్గిలంతో మూసేయాలి. గుగ్గిలం ఒక్కటే వేస్తే ఎండకి పెళుసై రాలిపోతుంది, అందుకని నూనెలో కాచి మెత్తబరుస్తారు.

ఇందులో నీళ్లు ఆపేది ఏది? తాడా? తాడు కాదండి. దిండు. తడిసిన పీచు ఉబ్బుతుంది, కుట్టు దాన్ని ఉబ్బనివ్వదు, కాబట్టి అది సందులోకి నొక్కుకుంటుంది. ఈ పనిలో ఎక్కువమంది చేసే తప్పు బిగువులో హెచ్చుతగ్గులు. నాలుగు కుట్లు గట్టిగా, అయిదోది వదులుగా ఉంటే, దిండు ఆ అయిదో దగ్గర బయటికి ఉబ్బి వస్తుంది. నీళ్లకి తలుపు అక్కడ తెరుచుకుంటుంది. వదులు కుట్టు ఒక్కటి చాలు. పైగా దాన్ని విడిగా బిగించలేరు, అక్కడినుంచి వరసంతా విప్పాలి.

తాడు సంగతి. కొబ్బరి పీచే ఎందుకు? జనపనార ఉంది, పత్తి ఉంది. పీచులో రెండు గుణాలున్నాయి. ఒకటి, ఉప్పునీటికి తట్టుకుంటుంది. పీచుని నానబెట్టేదే ఉప్పు కలిసిన వెనకజలాల్లో, నెలల తరబడి. రెండోది, సాగుతుంది. మిగతా నారల కన్నా చాలా ఎక్కువ సాగి, తెగకుండా ఉంటుంది. కెరటాల్లో మనకి కావలసింది ఆ సాగుడే. కానీ కొత్త తాడుని తెచ్చినట్టే వాడితే ఆ సాగుడంతా పడవలోనే జరుగుతుంది, వారానికల్లా కుట్లన్నీ వదులు. కాబట్టి ముందే తడిపి, బరువు వేలాడదీసి, లాగి ఉంచుకోవాలి. పీచుకి పడనిది వాననీరు. ఉప్పునీటిలో ఏడాది ఉండే తాడు, వాననీరు నిలిచిన పడవలో ఒక వర్షాకాలానికే మెత్తబడుతుంది. పడవని బోర్లించి ఉంచడం ఆచారం కాదు, అవసరం.

ఎన్నాళ్లు వస్తుంది కుట్టు? రోజూ కెరటాల్లో తిరిగే పడవకి ఏడాదికో రెండేళ్లకో మళ్లీ కుట్టాలి. అయ్యో అంత తొందరగానా అంటారు. మరి మేకుల పడవలో ఒక పలక మార్చాలంటే ఎంత తంటా? మేకులు పీకాలి, పీకితే పక్క పలక పగులుతుంది. ఇక్కడ తాడు కోసేస్తే పలకలన్నీ విడిపోతాయి. మంచివి ఉంచుకుని, పుచ్చినవి తీసేసి, మళ్లీ కుట్టుకోవడమే. పలకలు తరం నిలుస్తాయి, తాడు ఏటేటా మారుతుంది.

మేకులు వాడకపోవడానికి మన పాత పుస్తకం ఒకటి వేరే కారణం చెప్పింది. భోజుడి పేరు మీద ఉన్న యుక్తికల్పతరువు అనే సంస్కృత గ్రంథం, సముద్రంలో వెళ్లే ఓడకి ఇనుము వాడొద్దు, నీటిలో అయస్కాంతపు రాళ్లు లాగేస్తాయి అంటుంది. అరబ్బు కథల్లోనూ అయస్కాంత పర్వతం ఉంది. నాకేమో ఇది కుట్టు అలవాటైన తరవాత అల్లిన కారణంలా అనిపిస్తుంది. ఇనుము ఖరీదు, కెరటం దెబ్బ, మళ్లీ విప్పుకునే వీలు, ఈ మూడూ చాలవా? అలాగని కుట్టే గొప్పదని పొంగిపోకండి. పర్షియా తీరంలో హోర్ముజ్ రేవులో కుట్టు ఓడల్ని చూసిన మార్కో పోలో, ఇవి చాలా చెడ్డ ఓడలు, ఎన్నో మునుగుతుంటాయి అని రాశాడు. అతను అబద్ధం చెప్పలేదు. పొడుగాటి ఓడకి కుట్టు ఇబ్బందే. మధ్యలో కెరటం ఎత్తి, రెండు కొసలూ వేలాడినప్పుడు ఓడ నిలువునా వంగుతుంది. ముప్ఫై అడుగుల పడవ వంగితే మంచిది, వంద అడుగుల ఓడ వంగితే ప్రతి కుట్టూ కదిలి నీళ్లు తోడడమే పని అవుతుంది.

అయినా కుట్టు ఓడలు సముద్రాలు దాటాయి. ఇండోనేషియాలో బెలిటుంగ్ దగ్గర 1998లో దొరికిన తొమ్మిదో శతాబ్దపు ఓడ చైనా పింగాణీతో నిండి ఉంది, అది కుట్టు ఓడే. 1980లో టిమ్ సెవెరిన్ అనే సాహసయాత్రికుడు ఒమాన్ నుంచి చైనాకి నడిపిన సోహార్ కూడా కుట్టు ఓడే. ఇటీవల మన నౌకాదళం కట్టించిన కౌండిన్య అనే కుట్టు ఓడ సంగతి మీరు వినే ఉంటారు. అజంతాలోని అయిదో శతాబ్దపు చిత్రం చూసి గీసుకున్నది. చిత్రంలో ఓడ ఉందిగానీ కొలతలు లేవు, అడుగు భాగం ఎలా ఉంటుందో లేదు. అందుకని ఐఐటీ మద్రాసులో నమూనాని నీళ్లలో పరీక్షించి, కేరళ పనివాళ్ల చేత గోవాలో కుట్టించారు. 2025 మేలో నౌకాదళంలో చేరింది, ఆ డిసెంబరు 29న పోర్‌బందర్‌లో తెరచాప ఎత్తి, 2026 జనవరిలో మస్కట్ చేరింది. పేపర్లు ప్రయాణం గురించి రాశాయి. నాకు ఆసక్తి ఉన్నది వేరే. కుట్టు ఓడకి ఏ ఇంజనీరింగు పట్టికలోనూ లెక్కలు లేవు. తాడు బిగువు ఎంత ఉండాలో కంప్యూటరు చెప్పలేదు, కుట్టేవాడి చెయ్యి చెప్పింది.

మూడో జవాబుకి వద్దాం. మేకు, పత్తి. కోరంగి, తాళ్లరేవు వైపు వాళ్లు ఎవరైనా ఉన్నారా? ఉన్నారు. ఇది మీ విద్య. గోదావరి నోట్లో కెరటం లేదు, బురద ఉంది, టేకు నది మీదుగా తెప్పలు కట్టుకుని వచ్చేది. అందుకే పెద్ద ఓడలు, దోనీలు అనే తెరచాప సరుకు ఓడలు అక్కడ కట్టారు. ఓడని మరమ్మతుకి ఎలా ఎత్తేవారు? ఎత్తేవారు కాదు. పెద్ద పోటు రోజున కాలవలోకి తెచ్చి, వెనక మట్టికట్ట వేసి, నీళ్లు తోడేసేవారు. పని అయ్యాక మళ్లీ పెద్ద పోటుకి కట్ట కోసేవారు. 1789లో, మళ్లీ 1839లో ఉప్పెనలు కోరంగిని ముంచేశాయి. సైక్లోన్ అనే ఇంగ్లీషు మాట పుట్టించిన హెన్రీ పిడింగ్టన్ తన పరిశీలనల్లో ఈ కోరంగి ఉప్పెన గురించి రాశాడు. రంగూన్‌లో తెలుగు కూలీలందరినీ కోరంగీలు అన్నారంటే, ఒకప్పుడు ఈ రేవు ఎంత పెద్దదో ఊహించుకోండి.

మేకుల ఓడలో ఆలోచన తలకిందులు. కుట్టుపడవ కదలాలి. ఇది కదలకూడదు. అడుగు దూలం, దాని మీద వంకరగా పెరిగిన తుమ్మ కొమ్మలతో పక్కటెముకలు, వాటికి పలకలు. తుమ్మే ఎందుకంటే దాని వంపు పుట్టుకతో వచ్చింది, నార కూడా వంపు వెంటే తిరుగుతుంది. తిన్నని దుంగని వంపుగా కోస్తే నార మధ్యలో తెగుతుంది, బరువు పడితే అక్కడే విరుగుతుంది.

పలక ఎండింపు దగ్గర చాలామంది పొరపాటు పడతారు. బాగా ఎండితే మంచిదే కదా అనుకుంటారు. కాదు. కర్ర నీళ్లు తాగితే పొడవునా ఉబ్బదు, అడ్డంగా ఉబ్బుతుంది. వలయాల వెంట ఉబ్బేది, వలయాలకి అడ్డంగా ఉబ్బేదానికి ఇంచుమించు రెట్టింపు. ఎనిమిది అంగుళాల టేకు పలక బాగా ఎండినప్పుడు బిగించి నీళ్లలో దింపితే, కోసిన తీరుని బట్టి రెండు నుంచి అయిదు మిల్లీమీటర్ల దాకా పెరుగుతుంది. ఒక పక్కన పన్నెండు పలకలుంటే? కలిపి చూసుకోండి. అది ఎక్కడికి పోతుంది? సందులో చోటు లేకపోతే పక్కటెముకని తోస్తుంది, మేకు తలని లాగుతుంది. పలకల ఒత్తిడికి మేకులు తెగిన ఓడలున్నాయి. మరీ పచ్చిగా బిగిస్తే, ఎండలో ఒడ్డున ఉన్నప్పుడు సందులు వేలు పట్టేంత తెరుచుకుంటాయి. నీడలో గాలికి ఆరిన కర్ర, అంగుళం మందానికి ఏడాది అన్నది పాత లెక్క. ఇప్పుడూ అదే నమ్మకమైన లెక్క.

సందు ఆకారం చూడండి. లోపలి అంచులు రెండూ ఆనుకుని ఉండాలి, బయటికి వచ్చేకొద్దీ కాస్త విచ్చుకోవాలి. ఇలా, వేళ్ల మధ్య చోటులాగా. పత్తిని పేని, చిన్న చిన్న ఉచ్చులుగా మడిచి, మొద్దు ఉలితో లోపలికి దట్టిస్తారు. లోపలి అంచులు ఆనుకోకపోతే పత్తి అవతలికి దూరిపోతుంది, దేన్నీ పట్టుకోదు. ఎంత దట్టించాలి? చెవితో తెలుసుకోవాలి. వదులుగా ఉన్నప్పుడు సుత్తి చప్పుడు డొల్లగా వస్తుంది, బిగిశాక మోగుతుంది. మోగాక ఇంకా కొట్టేవాడు పనివాడు కాడు. ఎండిన ఓడని దింపిన మొదటి రెండు రోజులు కారుతుంది. కారనివ్వాలి. కంగారుపడి మళ్లీ పత్తి దట్టిస్తే, పలకలు ఉబ్బినప్పుడు ఆ అదనపు పత్తే మేకుల్ని పీకుతుంది. దింపే ముందు రెండు మూడు రోజులు లోపల ఉప్పునీళ్లు చల్లి తడి గోనెలు పరిస్తే సగం కారుడు తగ్గుతుంది.

ఇక ఈ మేకు. తుప్పు పడితే ఇనుము సన్నబడుతుందని మనకి తెలుసు. తుప్పు ఇనుము కన్నా ఎక్కువ చోటు తీసుకుంటుందని గుర్తుండదు. అది లోపల ఉబ్బి కర్రని చీలుస్తుంది. పైగా ఉప్పునీటిలో మేకు చుట్టూ కర్ర మెత్తగా, పీచుపీచుగా అయిపోతుంది. పలక బాగుంటుంది, మేకు పర్వాలేదనిపిస్తుంది, మధ్యలో పట్టు ఉండదు. మేకుల ఓడలు ముసలివయ్యేది ఇలాగే. అందుకే మేకు తల కింద నూనెలో ముంచిన పత్తి చుట్టి కొట్టడం, తలని లోపలికి దింపి పైన బిళ్ల వేయడం. రాగినీ ఇనుమునీ ఒకే అడుగులో కలపకూడదు. బ్రిటిష్ నౌకాదళం 1761లో అలారం అనే ఓడ అడుగుకి ఓడపురుగు రాకుండా రాగి రేకులు వేసింది. పురుగు రాలేదు. కానీ రాగి తగిలిన ఇనప మేకులన్నీ రెండేళ్లలో తినేసినట్టయ్యాయి. రేకుకీ మేకుకీ మధ్య కాగితం అడ్డం ఉండిపోయిన చోట మాత్రం మేకులు బాగున్నాయట. ఉప్పునీటిలో రెండు లోహాలు కలిస్తే బ్యాటరీ అని అప్పటికి ఎవరికీ తెలియదు.

మరి ఓడ చచ్చేది దేనివల్ల? ఉప్పునీటి వల్ల కాదు. ఉప్పు బూజుని రానివ్వదు. వాననీరు చంపుతుంది. పై చెక్కల సందులోంచి దిగి, పక్కటెముకల మూలల్లో గాలి ఆడని చోట నిలిచిన వాననీరు. పాతకాలపు పనివాళ్లు ఆ మూలల్లో కల్లుప్పు పోసి ఉంచేది ఊరికే కాదు.

ఇప్పుడు మన ఒడ్డున ఫైబర్ తెప్పలు. వాటికి సందే లేదు. 1980ల తరవాత వేగంగా వచ్చాయి, ఇంజను బిగించుకోవచ్చు, రోజూ ఆరబెట్టక్కర్లేదు. చెక్క తెప్ప కట్టేవాళ్లని తప్పుపట్టలేం, ఫైబరు కొన్నవాళ్లనీ తప్పుపట్టలేం. కానీ చెక్కవి ఇంకా అక్కడక్కడ ఒడ్డున బోర్లా పడి ఉన్నాయి. మీ ఊళ్లో ఒకటి కనిపిస్తే కొలత తీయండి. ఎలా తీయాలో చెప్పి ముగిస్తాను.

పొడవు, వెడల్పు ఎవరైనా తీస్తారు. అవి చాలవు. అణియం, అంటే పడవ ముందు కొస, అక్కడినుంచి అమరం, అంటే వెనక కొస, దాకా ఒక తాడు బిగించి లాగి, ప్రతి రెండడుగులకీ తాడు నుంచి పలక ఎంత దూరంలో ఉందో, ఎంత లోతులో ఉందో రాయండి. అప్పుడే వంపు కాగితం మీదికి వస్తుంది. పలక మందం మూడు చోట్ల. కుట్టు ఉంటే కన్నానికీ కన్నానికీ ఎడం, కన్నానికీ అంచుకీ ఎడం, పది కన్నాలకి విడివిడిగా, సగటు కాదు. తాడు ఎన్ని పురులు, ఏ వైపు పేనారు. మేకులైతే మొన వంచారా, వదిలేశారా. ప్రతి భాగానికీ ఆ ఊరి పేరు అడిగి, వాళ్లు పలికినట్టే రాయండి, మీరు దిద్దకండి. పక్క ఊళ్లో అదే భాగానికి ఇంకో పేరు ఉంటే అదీ రాయండి. ఒక్క పని మాత్రం చేయకండి. ఫొటో బాగా వస్తుందని పడవని కడగకండి. సందులో ఉన్న గుగ్గిలం, పీచు, సున్నం, చేపనూనె జిడ్డు, మనకి కావలసింది అదే, అది కడిగితే పోతుంది.

ప్రశ్నలుంటే అడగండి. ఈ రెండు పలకలు ఇక్కడే ఉంటాయి. పది కన్నాలున్నాయి, ఆరు కుట్టాను, నాలుగు మీకోసం వదిలాను. కొయ్యసుత్తి బల్ల కింద ఉంది. ఒకరు ఇటు, ఒకరు అటు నిలబడి లాగి చూడండి. వేళ్లకి గుడ్డ చుట్టుకోండి, పీచు కోస్తుంది.